'మొట్టమొదటి' అన్న మాట కొట్టివేయించుట గురించి

ప్రాంతీయ విత్తన అధికారి గారి సముఖమునకు,

ప్రభుత్వ మొక్కజొన్న విత్తన క్షేత్రం తాత్కాలిక ఇన్‌చార్జి సమర్పించుకొను అర్జీ.

విషయం: రాబోవు సభలో నాకు ఇవ్వదలచిన ఫలకం మీద 'మొట్టమొదటి మహిళా క్షేత్ర ఇన్‌చార్జి' అని చెక్కించడం నిలుపు చేయించుట, మరియు నాకు ముందు ఇదే పని చేసి చనిపోయిన ఆవిడను విధుల నుంచి సక్రమంగా రిలీవ్ చేయించుట గురించి.

అయ్యా,

తమరు ఈ మధ్యనే బదిలీ మీద వచ్చారని విన్నాను. వచ్చినవారు అయ్యగారో అమ్మగారో ఇక్కడ ఎవరికీ తెలియదు. మా గుమాస్తాను అడిగితే, ఎవరొచ్చినా అర్జీకి 'అయ్యా' అనే ఉంటుందని చెప్పాడు. అందుచేత అలాగే మొదలుపెట్టాను. పొరపాటైతే మన్నించగలరు.

పై విషయమై సవినయంగా మనవి చేసుకొనునది ఏమనగా:

1. నేను ఈ క్షేత్రానికి తాత్కాలిక ఇన్‌చార్జిని. నా పైన 'క్షేత్ర పర్యవేక్షకుడు' అనే పోస్టు ఒకటి కలదు. అందులో మనిషి లేడు. ఆయన వచ్చేదాకా నేను చూసుకోవలెనని ఉత్తర్వు. నేను ఏ కాగితం మీద సంతకం పెట్టినా దాని పైన 'పర్యవేక్షకుని కొరకు' అని రబ్బరు స్టాంపు పడుతుంది. ఆ లేని పెద్దమనిషికి ఆఫీసులో ఒక గది, పెద్ద బల్ల, చేతులున్న కుర్చీ, తలుపు మీద బోర్డు, చొక్కా తగిలించుకోవడానికి మేకు కూడా ఉన్నాయి. నాకు వరండాలో బల్ల. జల్లు కొడితే గోడవైపు జరుపుకుంటాను. ఆయన గదిని మాత్రం రోజూ ఊడ్పించి, తాళం వేయించి, తాళంచెవి నా దగ్గరే పెట్టుకుంటాను. ఇది ఫిర్యాదు కాదు. ముందు పరిస్థితి తెలియాలని రాస్తున్నాను.

2. మా పని సంగతి ఫైళ్ళలో సరిగా ఉండదు గనుక రెండు ముక్కల్లో చెబుతాను. విత్తనం కోసం మేము రెండు రకాల మొక్కజొన్నను పక్కపక్కన వేస్తాము. కొన్నిటిని ఆడ వరుసలంటాము, కొన్నిటిని మగ వరుసలంటాము. మొక్క తలమీద కుచ్చులాగా వచ్చే మగపువ్వుకు కూడా జల్లు అనే పేరు. ఆడ వరుసల్లో ప్రతి మొక్క జల్లునూ, అది పుప్పొడి రాల్చకముందే, చేత్తో పీకెయ్యాలి. ఏమరుపాటున వదిలేస్తే విత్తనం కల్తీ అయిపోయి, తనిఖీకి వచ్చినవారు మడి మొత్తం రద్దు చేస్తారు. ఈ పని చేసేది ఆడవాళ్ళ ముఠా. ఆ ముఠాను నడిపే ఆవిడను మేమందరం మేస్త్రమ్మ అంటాము. ఇప్పుడు జల్లు తీసే రోజులే నడుస్తున్నాయి.

3. నాకు ముందు ఈ పని చేసిన ఆవిడను అందరూ ఇన్‌చార్జమ్మ అనేవారు. ఆవిడ ఇక్కడ సహాయకురాలిగా చేరింది. అప్పటి పర్యవేక్షకుడు బదిలీ మీద వెళ్తూ తాళంచెవి చేతిలో పెట్టి, కొత్తాయన వచ్చేదాకా కాస్త చూస్తూ ఉండమన్నాడట. కొత్తాయన రాలేదు. ఆవిడ చూస్తూనే ఉంది. చూస్తూ చూస్తూ జుట్టు నెరిసింది. బీడు పడిన మడులన్నీ సాగులోకి తెచ్చింది. మగ మేస్త్రీ కింద కూలికి వచ్చే ఆడవాళ్ళకే ముఠా అప్పగించింది. పక్క ఊళ్ళ ఆడవాళ్ళను పిలిచి, సొంత పొలాల్లో విత్తనం పండించడం నేర్పింది. వాళ్ళలో కొందరు ఇవాళ సంఘం పెట్టుకుని తమ విత్తనం తామే అమ్ముకుంటున్నారు. నేను చదువు ముగించి శిక్షణకు వచ్చినప్పుడు జల్లు ఎక్కడ పట్టుకుని లాగాలో చూపించింది కూడా ఆవిడే. పీకిన జల్లులను తలలు గట్టువైపు పెట్టి వరసగా పడుకోబెట్టేది. అలా చేస్తే ఏ వరుస అయిందో, ఏది కాలేదో దూరం నుంచే తెలుస్తుందనేది.

ఆవిడ పోయింది కూడా జల్లు తీసే రోజుల్లోనే, పంపు షెడ్డు పక్క మడిలో. మొక్క మొదట్లో పురుగు ఉందేమోనని వంగింది. ముఠావాళ్ళు ఆవిడ ఎప్పటిలాగే చూసుకుంటోంది కాబోలనుకుని, పక్క వరుసల్లో పీక్కుంటూ ముందుకు సాగిపోయారు. ఆ చివరికి వెళ్ళి తిరిగి వచ్చేసరికి, ఆవిడ ఇంకా అలాగే మొక్కల మీదికి వంగి ఉంది.

ఆవిడ పేర చార్జి లేదు గనుక చార్జి అప్పగింత కూడా జరగలేదు. నేను చేరిన రోజున గుమాస్తా 'అప్పగించినవారు' అన్నచోట 'ఖాళీ' అని రాశాడు. 'పుచ్చుకున్నవారు' అన్నచోట నేను సంతకం పెట్టాను. దాని పైన కూడా 'కొరకు' అని స్టాంపు పడింది.

4. ఇట్లుండగా తమ కార్యాలయం నుంచి నాకొక ఉత్తరం వచ్చింది. వ్యవసాయంలో మహిళా నాయకత్వం అనే అంశం మీద సభ జరుగుతుందనీ, అందులో ఈ ప్రాంతపు మొట్టమొదటి మహిళా క్షేత్ర ఇన్‌చార్జిగా నన్ను సన్మానిస్తారనీ అందులో ఉంది. అబద్ధమెందుకు, చదవగానే నాకు కాళ్ళు నేలమీద ఆనలేదు. ఇంట్లో మా అమ్మాయి ఆ ఉత్తరం పట్టుకుని వీధిలో నాలుగిళ్ళకు తిరిగి వచ్చింది. బడి వ్యాను నడిపే మా ఆయన, ఫలకం టీవీ పక్కన పెడదామా, తలుపుకు ఎదురుగా కొడదామా అని గోడలు కొలవడం మొదలుపెట్టాడు.

మర్నాడు విశ్రాంతి వేళ ముఠావాళ్ళు చదివి వినిపించమంటే, గట్టు మీద నిలబడి వినిపించాను. చప్పట్లు కొడతారనుకున్నాను. ఎవరూ కదలలేదు. నీళ్ళు తాగుతున్న మనిషి తాగడం ఆపేసింది. మేస్త్రమ్మ మెల్లగా అడిగింది.

"మీరు మొదటివారైతే, మరి ఆమె ఎవరమ్మా?"

కాగితాల లెక్క వేరు, మన లెక్క వేరు అని ఏదో సర్దిచెప్పబోయాను. మేస్త్రమ్మ పంపు షెడ్డు వైపు చూసి, తలకు చుట్టుకున్న గుడ్డ బిగించుకుని పనిలోకి వెళ్ళిపోయింది.

5. ఆ మర్నాటి నుంచి జరుగుతున్నవి ఈ దిగువ మనవి చేయుచున్నాను. తమరు నవ్వుకుంటే నవ్వుకోవచ్చును. మొదట నేనూ నవ్వాను.

పొద్దున హాజరు పిలుస్తాము. ఒక్కొక్కరూ 'ఉన్నా' అంటారు. అందరినీ పిలవడం అయిపోయి పుస్తకం మూయబోతుంటే, వెనక వరస నుంచి ఇంకొక 'ఉన్నా' వినిపించింది. ఎవరో ఆటలాడుతున్నారని కసిరాను. ఎవరి ముఖంలోనూ ఆట లేదు. మర్నాడూ అంతే. ఆ గొంతు కొంచెం బొంగురుగా, పుప్పొడి పడి దగ్గు ఆపుకుంటున్న మనిషి గొంతులాగా ఉంది.

ఆ తర్వాత పర్యవేక్షకుడి గది తాళం తీసేసరికి, కుర్చీ ముందు తడి మట్టి అడుగులు కనిపించాయి. లోపలికి వెళ్ళినవి ఉన్నాయి, బయటికి వచ్చినవి లేవు. తాళంచెవి నా సంచిలోనే ఉంది. ఊడ్చే ఆవిడ నన్ను నా పాదాలు చూపించమని అడిగింది. నేను చూపించాను. శుభ్రంగా ఉన్నాయి. అయినా ఆవిడ ఆ రోజు నుంచి నేను ముందు నడిస్తే గాని గదిలోకి రావడం లేదు.

పిమ్మట పంపు షెడ్డు మడిలో, మేము ఇంకా దిగని వరుసల్లో, కొన్ని జల్లులు పీకి ఉన్నాయి. తలలు గట్టువైపు పెట్టి వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. వాటిని చూడగానే ముఠా మొత్తం గట్టు మీదే ఆగిపోయింది. మిగతా మడుల్లో పని చేస్తాము గానీ, ఆమె సంగతి తేలేదాకా ఆ మడిలో కాలు పెట్టేది లేదని తేల్చి చెప్పేశారు. నేను కోప్పడ్డాను, బతిమాలాను, చివరికి తమ కార్యాలయం పేరు చెప్పి బెదిరించాను. ఒక్కరూ చెవిన పెట్టలేదు. ఆ మడిలో జల్లు విచ్చుకోవడానికి సిద్ధంగా ఉంది. మడి రద్దయితే, ఆడదాని చేతికి క్షేత్రం ఇచ్చినందుకే ఇలా అయిందంటారు. అప్పుడు నన్ను వరండాలోంచి కూడా లేపేస్తారు. పోస్టు నాకు పర్మనెంటు చేయమని నేను పెట్టుకున్న దరఖాస్తు తమ దగ్గరే ఉన్నది. దాని గతి ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

6. తమ కార్యాలయంలోని సెక్షన్ గుమాస్తా గారికి ఫోను చేశాను. ఉత్తరంలో 'మొట్టమొదటి' అన్న మాట తీసేయమన్నాను. ఆయన మర్యాదస్తుడు, ఓపిగ్గానే విన్నాడు. నాకు ముందు ఒకావిడ పని చేసిందంటే, రికార్డు ప్రకారం లేదన్నాడు. జీతం మీరే కదా ఇచ్చారంటే, సహాయకురాలి జీతం ఇచ్చామన్నాడు. మరి క్షేత్రం ఎవరు నడిపినట్టు అని అడిగాను.

"పోస్టు ఖాళీగా ఉందండీ. ఖాళీలో ఎవరున్నారని రాయమంటారు?" అన్నాడు.

ఆ మాట ఆయన హేళనకు అనలేదు. పాపం, నిజంగానే అడిగాడు. ఫలకం అప్పటికే చెక్కడానికి ఇచ్చేశారనీ, ఒక్క మాట కోసం సన్మానం పాడు చేసుకోవద్దనీ, మీ మంచికే చెబుతున్నాననీ కూడా అన్నాడు. ఇంటికొచ్చి మా ఆయనతో చెబితే, చచ్చిపోయినవాళ్ళ ఉద్యోగం గురించి పోట్లాడేదాన్ని నిన్నే చూశానన్నాడు. కానీ గోడలు కొలవడం మానేశాడు.

7. ఇన్‌చార్జమ్మ పెళ్ళి చేసుకోలేదు. ఆవిడ అక్కగారు బట్టలు కుట్టుకుని బతుకుతుంది. ఇద్దరూ రెండు గదుల ఇంట్లో ఉండేవారు. వెళ్ళి కలిశాను. చెల్లెలి ఎండ టోపీ ఇంకా తలుపు వెనకే తగిలించి ఉంది. నేను జరిగినదంతా చెబుతుంటే, ఆవిడ ఆశ్చర్యపోకుండా మిషను మీద చెయ్యి వేసి కూర్చుని వింది. చెల్లెలికి పోయేముందు ఇంట్లో కూడా ఆ స్టాంపు పిచ్చి పట్టుకుందని చెప్పింది. పాలవాడు చీటీ ఇస్తే దాని మీద కూడా 'కొరకు' అని రాసి సంతకం పెట్టేదట. ఎవరి కొరకే అని అడిగితే, అలవాటైపోయిందే అక్కా అని నవ్వేదట. ఆ మాట చెప్పి అక్కగారు కూడా నవ్వబోయింది. నవ్వు రాలేదు.

నేను లేచేటప్పుడు గుమ్మం దాకా వచ్చింది.

"దాన్ని ఇంటికి పంపించమ్మా. నీ పని అయిపోయింది, ఇక వెళ్ళు అని ఎవరైనా కాగితం మీద రాసిస్తే గాని అది రాదు. మొదటినుంచీ అంతే" అంది.

8. చివరికి నిన్న పంపు షెడ్డు మడిలోకి నేనొక్కదాన్నే దిగాను. పొద్దు బాగా ఎక్కింది, ఎండ చురుక్కుమంటోంది. మొక్కలు నా తలకంటే ఎత్తుగా ఉన్నాయి. లోపలికి వెళ్ళాక గట్టు మీదివాళ్ళు కనిపించరు, మాటలు కూడా వినిపించవు. జల్లును పట్టుకుని లాగితే కిర్రుమని వచ్చి టప్పున ఊడుతుంది. నేను నాలుగు మొక్కలు పీకానో లేదో, పక్క వరుసలో కూడా అదే చప్పుడు మొదలైంది. నేను ఆగాను. అటువైపు ఇంకొకటి ఊడి, అదీ ఆగింది.

ఆకుల సందులోంచి చూడడానికి ధైర్యం చాలలేదు. నేల చూపులు చూస్తూనే అన్నాను.

"అమ్మా, ఆ ఉత్తరం నేను రాయలేదు."

చప్పుడు మళ్ళీ మొదలైంది. శిక్షణ రోజుల్లో ఆవిడ నాకంటే రెండు మొక్కలు ముందు నడిచేది, నేను అందుకోవడానికి చేతులు తొందర పెట్టేదాన్ని. నిన్న కూడా అలాగే ముందు నడిచింది. నేను వెనక వెళ్ళాను. ఏడుస్తూ వెళ్ళానని రాయడం అర్జీలో తగునో కాదో తెలియదు, కానీ జరిగింది అదే. వరుస చివర గట్టు మీదికి వచ్చి చూస్తే అటువైపు ఎవరూ లేరు. పక్క వరుస మొత్తం అయిపోయి ఉంది.

గట్టు మీద మేస్త్రమ్మ నిలబడి ఉంది. నన్ను చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. ఎవరది అని అడిగింది. నేనే అన్నాను. నేనంటే ఎవరని మళ్ళీ అడిగింది. ఇన్‌చార్జిని అన్నాను.

"ఏ ఇన్‌చార్జివమ్మా?" అంది.

ఆవిడ కళ్ళలో భయం ఉంది. అది నన్ను చూసిన భయం. మగ వరుసల పుప్పొడి పడి నా జుట్టు, ముఖం తెల్లబారి ఉండడం వల్ల పోల్చలేదని తర్వాత చెప్పింది. కానీ ఆ క్షణాన నేను జవాబు చెప్పలేకపోయాను అయ్యా. నేను బతికి ఉన్నదాన్నని చూపించే కాగితం ఒక్కటీ నా దగ్గర లేదనిపించింది. ఉన్న కాగితాలన్నిటి మీదా నేను ఇంకొకరి కొరకు ఉన్నాను. రేపు నేను కూడా ఏ మొక్క మొదట్లోనో వంగి లేవకపోతే, గుమాస్తా మళ్ళీ 'ఖాళీ' అనే రాస్తాడు. నా తర్వాత ఒక చదువుకున్న పిల్ల వస్తుంది. ఆ పిల్లకు కూడా మొట్టమొదటి అని ఫలకం చెక్కిస్తారు. రాత్రి అన్నం సహించలేదు. మా అమ్మాయి పక్కలోకి వచ్చి, నీకేమైందమ్మా అని నా చెయ్యి పట్టుకుంటే, ఆ పట్టుకోవడం వల్ల కొంచెం ధైర్యం వచ్చింది.

కావున తమరు దయతలచి,

(అ) ఫలకం మీద 'మొట్టమొదటి' అన్న మాట కొట్టివేయించవలెను. చెక్కడం అయిపోయినచో ఆకురాయితో అరగదీయించినా సరే. మాట పోయినచోట గరుకుగా ఉన్నా నాకు అభ్యంతరం లేదు.

(ఆ) ఇన్‌చార్జమ్మను ఆవిడ తాళంచెవి పుచ్చుకున్న నాటి నుంచి క్షేత్ర పర్యవేక్షకురాలిగా నియమించినట్టు ఉత్తర్వు ఇచ్చి, అదే ఉత్తర్వులో ఆవిడను విధుల నుంచి రిలీవ్ చేయవలెను.

(ఇ) నన్ను ఆ పోస్టులో, నేను బతికి ఉండగానే, నియమించవలెను.

ఈ మూడు మనవులనూ తమరు గుమాస్తాలను బయటికి పంపి, తీరుబడిగా ఒక్కరే కూర్చుని చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
తాత్కాలిక ఇన్‌చార్జి.

తా.క.: పైన విషయంలోనూ, మనవి (ఆ)లోనూ రిలీవ్ చేయమన్న ముక్కను సిరాతో కొట్టివేశాను. తిరిగి రాసే తీరిక లేదు, అలాగే పంపుతున్నాను.

ఇవాళ పొద్దున ఈ అర్జీని ముఠావాళ్ళకు వినిపించాను. తమ ఉత్తరం వినిపించాను గనుక ఇదీ వినిపించడం న్యాయమనిపించింది. రిలీవ్ అన్నచోటికి వచ్చేసరికి మేస్త్రమ్మ ఆపమంది. పేరు ఇమ్మని అడగండి గానీ, పంపించేయమని మీరెందుకు రాస్తారమ్మా అంది. వాళ్ళ అక్కగారు అడిగిందని చెప్పాను. అక్క అడగొచ్చు, ఆఫీసు కాగితం అడగకూడదు అంది. నేను చాలాసేపు ఆలోచించాను. మేస్త్రమ్మ మాటే నిజమని తోచింది. బతికినన్నాళ్ళూ ఉండు అన్నదీ తమ కార్యాలయమే, ఇప్పుడు వెళ్ళు అనేదీ తమ కార్యాలయమేనా? అక్కగారికి ఈ సంగతి నేనే వెళ్ళి చెప్పుకుంటాను.

ఆ తర్వాత ముఠావాళ్ళు పంపు షెడ్డు మడిలోకి దిగారు. ఈ ముక్కలు రాస్తున్నప్పటికి సగం మడి అయింది. గట్టుకు ఆ చివరన ఇన్‌చార్జమ్మ ఉందో లేదో నేను తల ఎత్తి చూడలేదు.

ఆవిడకు పోస్టు ఇవ్వండి చాలు. పర్యవేక్షకురాలు అయ్యాక ఉండాలో, సెలవు పెట్టి ఇంటికి వెళ్ళాలో ఆవిడే చూసుకుంటుంది. ఆమాత్రం అధికారం ఆ పోస్టులో ఉంటుంది కదా.